సాగదోలే పాటకు రెండు వేగాలు: నల్గొండ నుంచి జడ్చర్ల దాకా

ఈ ప్రయాణం మా కాలేజీ స్టాఫ్‌రూంలో మొదలైంది. జువాలజీ చెప్పే రజిత తన పిన్ని కూతురి పెళ్లి వీడియో ఫోన్లో చూపిస్తోంది. జడ్చర్ల పక్క పల్లెలో జరిగిన పెళ్లి. ఎవరి పెళ్లి వీడియో అయినా నాకు రెండు నిమిషాలకు మించి ఓపిక ఉండదు. మర్యాదకు తల ఊపుతూ, దిద్దాల్సిన పేపర్ల గురించి ఆలోచిస్తున్నాను. వీడియో అప్పగింతల దాకా వచ్చింది. పెళ్లికూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. వెనక ఒక పాట నడుస్తోంది. సినిమా పాట కాదు, జానపదం కాదు, మాటలే లేవు. ఒక ఆడగొంతు సాగి సాగి మూలుగుతోంది. దాని కింద ఏదో బరువుగా కదులుతోంది. రజిత చేతిలోంచి ఫోన్ లాక్కుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. లాక్కున్నాననేది రజిత మాట. నేనైతే తీసుకున్నాను అంటాను.

ఇక్కడ నా పిచ్చి గురించి చెప్పాలి. నేను జంగిల్, డ్రమ్ అండ్ బాస్ రికార్డులు వింటాను, కొంటాను, మా ఇంట్లో ఒక అల్మరా నిండా దాచుకుంటాను. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పాత పాటల్లోంచి డ్రమ్ముల ముక్కలు కోసి, తారుమారు చేసి, విపరీతమైన వేగంతో తిరిగి అతికిస్తారు. పైన డ్రమ్ములు పరుగెడుతుంటే కింద బాస్, అంటే లోతైన బరువు స్వరం, తాపీగా నడుస్తుంది. ఒకే పాటలో ఒకరు ఉరుకుతున్నట్టు, ఇంకొకరు కూర్చుని చూస్తున్నట్టు ఉంటుంది. నాకు నచ్చేది అందులోనూ ప్రయోగాల రకం. సగం పాట అయ్యేదాకా డ్రమ్ములు రావు, వచ్చాక ఎటు పోతాయో తెలియదు. మా ఆయన దీనికి కంకర మిషన్ అని పేరు పెట్టాడు. ఆదివారం పొద్దున "కంకర మిషన్ షురూ చేసినవా?" అంటూ పేపరు పట్టుకుని డాబా మీదికి వెళ్లిపోతాడు. పదేళ్లుగా మా సంసారం ఇలాగే సుఖంగా నడుస్తోంది.

ఆ వీడియోను ఫోన్లో వేగం పెంచి చూశాను. ఒకటింపావు దగ్గర అనుమానం, ఒకటిన్నర దగ్గర నమ్మకం. పెళ్లికూతురు గబగబా ఏడుస్తోంది, వెనక డ్రమ్ములు సరిగ్గా జంగిల్ నడకలో పడ్డాయి. నిమిషానికి నలభై అయిదు చుట్ల వేగంతో తిప్పాల్సిన రికార్డును ఎవరో ముప్పై మూడుతో తిప్పుతున్నారు! అదీ జడ్చర్ల దగ్గర, ఆడపిల్లను సాగనంపేటప్పుడు! ఆ పాట నా అల్మరాలో లేదు, నేను ఎక్కడా వినలేదు. రజిత నాలుగు ఫోన్లు చేసి ఆ డీజే మనిషి నంబరు కనుక్కుంది. పేరు నర్సింలు. ఫోన్ చేస్తే, "శనివారం రాండ్రి మేడం, పొద్దుగాల ఇంటికాడనే ఉంట. మాపటికి ఒక పెండ్లిల అప్పగింతలు ఉన్నయి" అన్నాడు.

నల్గొండ నుంచి జడ్చర్లకు వెళ్లాలంటే చాలామంది హైదరాబాద్ మీదుగా తిరిగి వెళ్తారు. నేను అడ్డదారి పట్టాను. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మూడు బస్సులు. ఎక్స్‌ప్రెస్ అయినా పల్లెవెలుగు అయినా ఆధార్ కార్డు చూపిస్తే మన ఆడవాళ్లకు జీరో టికెట్. మగవాళ్లకు మొత్తం కలిపి మూడు వందల లోపే అవుతుంది. తెల్లవారుజామున బయలుదేరితే, బస్సులు దొరకడాన్ని బట్టి నాలుగైదు గంటలు. నా ఒళ్లో సూట్‌కేసులాంటి చిన్న రికార్డు ప్లేయర్. బ్యాటరీతో కూడా నడుస్తుంది. ఆ పాటను దాని అసలు వేగంలో ఒక్కసారి వినాలి, కుదిరితే కొనుక్కోవాలి. ఇంతే నా ఉద్దేశం. కొనుక్కోవడమే ముఖ్య ఉద్దేశమని మా ఆయనకు చెప్పలేదు.

దేవరకొండ దారిలో బత్తాయి తోటలు దాటాక గుట్టలు మొదలవుతాయి. రాళ్ల మధ్యలో నేల, నేల మధ్యలో రాళ్లు. మాఘమాసం కాబట్టి ప్రతి ఊరి మొదట్లో ఒక పెళ్లి ఫ్లెక్సీ, దాని మీద వధూవరులతోపాటు మేనమామలందరి ముఖాలు. కల్వకుర్తి బస్టాండు బయట రెండు ఇడ్లీలు, ఒక వడ తిని, దారికి ఉడకబెట్టిన పల్లికాయ ఒక పొట్లం తీసుకున్నాను. ఈ కాలంలో ఆ వైపు వెళ్తే పల్లికాయ వదలకండి. కొత్త పంట, తియ్యగా ఉంటుంది.

జడ్చర్లలో దిగి ఆటో ఎక్కితే డ్రైవరు నా పెట్టెను కిందినుంచి పైదాకా చూశాడు.

"మేడం, కుట్టు మిషనా?"

"కాదన్నా, పాటలు వినే మిషన్."

"పాటలు ఫోన్ల వస్తయి గద!" అన్నాడు జాలిగా. నర్సింలు ఇల్లు అనేసరికి మాత్రం హుషారయ్యాడు. అప్పగింతల పాటను ఆ వైపు సాగదోలే పాట అంటారట. "సాగదోలే పాట నర్సింలు కాడికా? నా పెండ్లికి గూడ ఆయ్ననే. గా పాట ఏసేసరికి మా అత్త కండ్లు తిరిగి పడ్డది. కారు ఆపి నీళ్లు కొట్టినం."

"ఇప్పుడు మంచిగున్నదా మరి?"

"మా అత్తనా? మంచిగుండుడేంది, నా నెత్తి మీదనే ఉన్నది" అని నవ్వాడు. కిరాయి యాభై అన్నాడు. నేను బేరం ఆడలేదు.

ఊరి చివర రేకుల షెడ్డు, దాని పక్కనే ఇల్లు. షెడ్డులో నల్లటి డీజే బాక్సులు పైరేకులదాకా పేర్చి ఉన్నాయి. నర్సింలుకు యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, చెవిలో పెన్సిలు. భార్య లక్ష్మమ్మ మంచినీళ్లు తెచ్చింది. పోయిన ఏడాది పెళ్లయిన కూతురు శ్రావంతి కూడా ఇంట్లోనే ఉంది. ఆ రోజు పెళ్లి ఆమె చిన్ననాటి స్నేహితురాలు మౌనికదే. అందుకోసం అత్తగారింటి నుంచి ముందు రోజే వచ్చిందట. "మౌనిక నెల కిందనే చెప్పిపెట్టింది అక్కా. మామా, శ్రావంతికి ఏసిన పాటనే నాకు గూడ ఎయ్యాలె అని" అంది.

ఆ రికార్డు కథ నర్సింలు చెప్పాడు. చాలా ఏళ్ల కింద హైదరాబాద్‌లో ఒక హోటల్ డాన్సు హాలు మూసేస్తే, ఆ సామానులో యాంప్లిఫైయర్లు, బాక్సులు కొన్నాడు. వాటితోపాటు ఒక రికార్డు ప్లేయరు, అట్టపెట్టె నిండా రికార్డులు వచ్చాయి. మిగతావన్నీ గీతలు పడి పోయాయి, ఇదొక్కటే మిగిలింది. ఒక పెళ్లిలో సరిగ్గా అప్పగింతల వేళకు పెన్‌డ్రైవ్ మొండికేసింది. చేతికి దొరికింది ఇది. వేశాడు. "గట్ల ఏస్తిని, గిట్ల అందరు ఏడ్వవట్టిరి. ఇగ అప్పటిసంది అందరు గదే అడుగుతరు" అన్నాడు. ఆ ప్లేయరులో వేగం మార్చే మీట వచ్చిన రోజు నుంచీ ముప్పై మూడు దగ్గరే బిగుసుకుపోయి ఉంది. రికార్డు మీద తెల్ల కాగితం తప్ప పేరు లేదు, వేగం లేదు. ఈ రకం రికార్డుల్లో చాలావాటికి ఉండదు. ఆయన తప్పేమీ లేదు.

తన ప్లేయరును రెండు పెద్ద బాక్సులకు కలిపి వినిపించాడు. నేను నవ్వు ఆపుకోవడానికి సిద్ధమై కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, తప్పు వేగంలో తిరిగే జంగిల్ రికార్డు అంటే మాబోటివాళ్లకు అదొక జోకు. బాస్ మొదట అరికాళ్లకు తగిలింది. తర్వాత ఆ గొంతు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి పోవాలా వద్దా అని తేల్చుకోలేని మనిషి గొంతు. నా పెళ్లిలో అప్పగింతలప్పుడు మా అవ్వ నా కొంగుముడిలో పసుపుకొమ్ము కట్టి, విప్పి, మళ్లీ కట్టింది. అది గుర్తొచ్చి కళ్లు నిండిపోయాయి. లక్ష్మమ్మ చూసి, "సూడు, నల్గొండ మేడం గూడ ఏడుస్తున్నది" అంది తృప్తిగా.

పాట అయ్యాక నర్సింలు అడిగాడు. "మేడం, సదువుకున్నోళ్లు మీరు. ఏం పాడుతది ఆమె? ఏం బాస?"

"భాష లేదన్నా. ఉత్త గొంతే."

"మరెందుకు ఏడుస్తది?"

ఆమె ఏడవడం లేదని నాకు తెలుసు. ఎన్నో ఇళ్ల ఆడపిల్లలను, తన సొంత బిడ్డను కూడా ఆయన ఈ పాటతోనే సాగనంపాడు. ఇది అసలు వేగంలో తిరగడం లేదని ఏ నోటితో చెప్పాలి? పాట వినాలన్న ఆశ ఒకవైపు, ఆ మనిషి ముఖం ఒకవైపు. చెప్పకుండా టీ తాగి వెళ్లిపోదామనే అనుకున్నాను. లక్ష్మమ్మ పోనివ్వలేదు. "గా పెట్టె గింత దూరం మోసుకొచ్చి ఊకెనే తీస్కపోతవా బిడ్డా? దాంట్ల గూడ ఎయ్యి, ఎట్ల ఇనబడతదో సూస్తం" అంది.

నా ప్లేయరులో రికార్డు పెట్టాను. మీట ముప్పై మూడు దగ్గరే ఉంచాను. పాట మొదలైంది. శ్రావంతి పక్కనే గొంతుక్కూర్చుని, "అక్కా, గీ పుల్ల ఎందుకు?" అంటూ మీట మీద వేలు పెట్టింది. ఆపొచ్చు. ఆపలేదు. టిక్కుమని నలభై అయిదుకు జరిగింది.

గొంతు పైకి లేచింది. మూలుగు పాటయింది. వెనక ఎక్కడో దొర్లుతున్న డ్రమ్ములు ఒక్కసారిగా లేచి పరుగు అందుకున్నాయి. అబ్బ, ఎంత గొప్ప రికార్డో! ఇంతవరకు నేను విన్నవాటిలో ఇలాంటిది లేదు. శ్రావంతి లేచి చప్పట్లు కొట్టింది. "ఓ బాపూ! ఈమె ఏడుస్తలేదే, ఎగురుతున్నది! నన్ను గింత హుషారు పాటకు ఏడిపిచ్చి తోలిండ్రా?"

పిల్ల సరదాగానే అంది. నర్సింలు ముందుకు వంగి రికార్డు మీది ముల్లు ఎత్తేశాడు.

"అంటే ఇన్నేండ్లు తప్పు పాట ఏసిన్నా మేడం?"

"తప్పు కాదన్నా" అన్నాను. నాకు తెలిసిన నిజం ఒకటి చెప్పాను. ఈ రికార్డులు చేసేవాళ్లు చాలాసార్లు ఏదో పాత పాటలోంచి గొంతు తీసుకుని, దాని వేగం పెంచి వాడుకుంటారు. కాబట్టి ఆమె మొదట పాడినప్పుడు నెమ్మదిగానే పాడి ఉండొచ్చు. ఈయన వినిపించిందే ఆమె సొంత గొంతుకు దగ్గరేమో.

"అయితె గిది కరెక్టా, గది కరెక్టా?"

"రెండూ."

"రెండెట్ల కరెక్టైతయి మేడం?" అని పెన్సిలు చెవిలోంచి తీసి, మళ్లీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి లోపలికి వచ్చి, మౌనిక పెళ్లికి ఏదన్నా సినిమా పాట వేస్తానన్నాడు. తెలిసి తెలిసి అందరి ముందు మళ్లీ ఆ తప్పే చేయలేనన్నాడు. "పిల్లకు మాటిచ్చినవు" అంది లక్ష్మమ్మ. ఆయన వినిపించుకోలేదు. భోజనానికి జొన్నరొట్టె, పప్పు, పల్లిపచ్చడి. ఎంత బాగున్నా ఒక్క రొట్టెతో లేచాను. రజిత ఫోన్ చేసి "దొరికిందా?" అంటే, తర్వాత చెప్తానని పెట్టేశాను. ఒకరి బంగారాన్ని గీకి చూసి ఇత్తడేమో అన్నట్టయింది నా పని. రికార్డు కొనే మాట ఇక ఎత్తలేదు.

మధ్యాహ్నం బాక్సులు బండికి ఎక్కించాక, నర్సింలు నా వైపు చూడకుండానే, "మేడం, మీ పెట్టె గూడ తీస్కరాండ్రి" అన్నాడు. పెట్టెను ఒళ్లో పెట్టుకుని బండెక్కాను.

ఫంక్షన్ హాలు హైవే పక్కనే, ఊరికి కాస్త దూరంలో. మేం వెళ్లేసరికి లగ్నం అయిపోయింది, చివరి పంక్తి తింటోంది. అయిదు దాటాక పెళ్లికొడుకు కారు వాకిట్లోకి వచ్చింది. మౌనిక ఒడిలో బియ్యం పోశారు. తల్లి భుజం మీద తల పెట్టుకుని ఆ పిల్ల ఒకసారి బాక్సుల వైపు చూసింది. నర్సింలు చేయి పెన్‌డ్రైవ్ దగ్గర ఉంది. ఆ చేతిని వెనక్కి తీసుకుని, నా ప్లేయరును మిక్సరుకు కలిపి, రికార్డు పెట్టాడు. మీట ముప్పై మూడు.

నేను బాక్సుల వెనక, వైర్ల మధ్య నిలబడి ఉన్నాను. మౌనిక తల్లి ఏడుపు, పెద్దమ్మల ఏడుపు, వంటవాళ్ల ఏడుపు కూడా. నర్సింలు ఏడవలేదు. ఆయన కారునే చూస్తున్నాడు. తలుపు మూసుకుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. కారు గేటు వైపు తిరిగినప్పుడు ఆయన వేలితో మీటను జరిపాడు.

నడుస్తున్న పాట నడుస్తూనే పైకి లేచింది. ఏడుపు ఎక్కడ ఆగిందో, ఆట ఎక్కడ మొదలైందో చెప్పలేం. డ్రమ్ములు గేటుదాకా ఉరికాయి. కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న ఆడవాళ్లు ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ ఏమైందో అర్థం కాలేదు. అంతలో గేటు దగ్గరి నుంచి శ్రావంతి ఉరికొచ్చింది.

"బాపూ, మౌనిక నవ్వింది! అద్దం దించి మొగం బయట పెట్టి నవ్వుకుంట పోయింది!"

నర్సింలు కూతురి వైపు తిరిగాడు. ఆయన కళ్లల్లో నీళ్లు అప్పుడు వచ్చాయి.

"నీకు సగం పాటే ఏసి తోలిన బిడ్డా."

శ్రావంతి నవ్వు ఆగిపోయింది. తండ్రి చేయి పట్టుకుని, "అయితె మిగిలిన సగం ఇప్పుడు ఎయ్యి" అంది. ఆయన ముల్లు ఎత్తి మొదటికి పెట్టాడు. ఈసారి మొదటినుంచే నలభై అయిదు. కుర్చీలు ఎత్తుతున్న హాలు ముందు, ఎంగిలి విస్తర్ల పక్కన, ఆ పిల్ల చీర కుచ్చిళ్లు దోపుకుని ఎగిరింది. లక్ష్మమ్మ కాసేపు సిగ్గుపడి, తర్వాత తనూ దిగింది. నా జన్మలో జంగిల్ రికార్డుకు ఎవరైనా అంత బాగా ఆడటం చూడలేదు. నర్సింలు కళ్లు తుడుచుకోకుండానే సౌండు ఇంకాస్త పెంచాడు.

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుని తెల్లారి బయలుదేరాను. ప్లేయరు అక్కడే వదిలేశాను. ఆయన మిషన్లో ఒకటే వేగం ఉంది, ఇప్పుడు ఆయనకు రెండు కావాలి. రికార్డు కొనుక్కుందామని వెళ్లి ప్లేయరు ఇచ్చి వచ్చానని మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వనీ. రికార్డుకు సరైన వేగం ఒకటే ఉంటుందని, అది తెలియడమే వినడమని ఇన్నేళ్లు అనుకున్నాను. నా రికార్డులను నేను చాలా ప్రేమగా, చాలా సరిగ్గా, చాలా ఒంటరిగా విన్నాను. అవతల ఒక మనిషి తెలియకుండా నెమ్మదిగా తిప్పి, ఒక ప్రాంతానికంతా దాన్ని సొంతం చేశాడు. అసలు వేగం తెలిశాక రెండింటికీ చోటు వెతికాడు. నేను చేయగలిగిందల్లా ఒక మీట మోసుకెళ్లడం. అందుకే అయినా, వెళ్లినందుకు సంతోషంగా ఉంది.

మీరు వెళ్లాలనుకుంటే ఒకటే సలహా. మాఘం, ఫాల్గుణాల్లో ముహూర్తం ఉన్న రోజు చూసుకుని, ఆ పెళ్లివారిని ముందే అడిగి వెళ్లండి. అప్పగింతల వేళ నాలాగా బాక్సుల వెనక నిలబడకండి, గేటు దగ్గర నిలబడండి. పాట మారేటప్పుడు పిల్ల ముఖం అక్కడి నుంచే కనబడుతుంది.